కరెంటు పోయి వచ్చాక కూడా నిలవాల్సిన అడ్రస్

మిత్రులారా, నమస్కారం. గాజువాక నుంచి, మధురవాడ నుంచి, ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి సెలవు రోజున కూడా ఇంతమంది టెక్నీషియన్లు వచ్చారు. ఈరోజు మనం మాట్లాడుకునేది నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే అంకెల వరుస, అంటే ఐపీ అడ్రస్‌ను సరిగ్గా అమర్చడం గురించి. మీలో చాలామంది శీతల గిడ్డంగుల్లో పనిచేసేవారే కాబట్టి ఉదాహరణలు అక్కడి నుంచే తీసుకుంటాను.

ఈ బల్ల మీదున్న చిన్న పెట్టె బ్లూటూత్ యాక్సెస్ సర్వర్. గదిలోని సెన్సర్‌కు బ్లూటూత్ తప్ప మరొకటి తెలియదు. ఆఫీసు కంప్యూటర్ ఈథర్‌నెట్ అనే తీగల నెట్‌వర్క్ మీద ఉంటుంది. ఈ పెట్టె ఒకరి మాట మరొకరికి అందిస్తుంది. ఇలాంటి వాటిలో చాలావరకు లోపల నడిచేది లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. అంటే మీరు అమర్చేది ఒక పూర్తి కంప్యూటర్‌ని, దానికి మానిటర్, కీబోర్డు లేవంతే.

కొన్నేళ్ల కిందట మన నగరంలోనే ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో ఇలాంటిది అమర్చాను. గడ్డకట్టించిన రొయ్యలను మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువలో నిల్వ ఉంచాలి. ఆ ఉష్ణోగ్రతను నిమిషం నిమిషం నమోదు చేయడమే మన యంత్రం పని. అక్కడి రౌటర్ 192.168.1.100 నుంచి 200 వరకు ఉన్న అడ్రసులను తానే పంచుతోంది. నేను అది అడగకుండానే మన యంత్రానికి 192.168.1.120ని స్థిరంగా రాసేశాను. రెండు వారాలు చక్కగా నడిచింది. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. ప్రింటర్ ముందుగా లేచి అడ్రస్ అడిగింది. మన పెట్టెలో లైనక్స్ ఇంకా మొదలవుతూనే ఉంది కాబట్టి 120 దగ్గర పలికేవారు లేరు. రౌటర్ దాన్ని ప్రింటర్‌కు ఇచ్చేసింది. కాసేపటికి మన యంత్రమూ అదే అడ్రస్‌తో లేచింది. ఇక ఒకరికి వెళ్లాల్సిన డేటా మరొకరికి పోవడం మొదలైంది.

తెల్లవారి చూస్తే పట్టికలో ఏడు గంటల ఖాళీ. గదులు చల్లగానే ఉన్నాయి, సరుకు పాడవలేదు. కానీ చల్లగా ఉన్నాయని కొనుగోలుదారుకు చూపించడానికి ఆధారం లేదు. ఆ తప్పు నాది. ఆ ఉదయం సూపర్‌వైజర్ ముందు నిలబడిన సంగతి నేను మరచిపోలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

కాబట్టి పెట్టె విప్పకముందే కాగితం తీయండి. రౌటర్ ఏ అడ్రసులను పంచుతోంది? ఈ నెట్‌వర్క్‌లో ఎన్ని అడ్రసులు ఇమిడేదీ చెప్పే సబ్‌నెట్ మాస్క్ ఎంత? బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే గేట్‌వే ఏది? వెబ్‌సైట్ పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ ఏది? మాస్క్ 255.255.255.0 అయితే యంత్రాలకు ఇవ్వగల అడ్రసులు 254. అందులో రౌటర్ పంచే వరుసకు బయట, ఉదాహరణకు 192.168.1.20, మన యంత్రానికి కేటాయించండి. రౌటర్‌లోనే మ్యాక్ అడ్రస్, అంటే యంత్రానికి తయారీలోనే వేసిన గుర్తింపు సంఖ్య, పేరిట రిజర్వ్ చేయించే పద్ధతి కూడా ఉంది. కానీ రౌటర్ పాడై కొత్తది పెట్టినప్పుడు ఆ జాబితా పాతదానితోనే పోతుంది. అందుకని నేను వరుస బయటి స్థిర అడ్రస్‌కే మొగ్గుతాను.

ఇక బ్లూటూత్ వైపు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. బ్లూటూత్‌నే ఒక తీగలా వాడి నేరుగా డేటా పంపే సీరియల్ పోర్ట్ పద్ధతిలో మాట్లాడే సెన్సర్‌కు ఐపీ అడ్రస్‌తో పనే లేదు. ఫోను, ల్యాప్‌టాప్ వంటివి బ్లూటూత్ ద్వారా నెట్‌వర్క్‌లోకి రావాలంటేనే వాటికి అడ్రస్ కావాలి. వాటి కోసం యాక్సెస్ సర్వర్ తన సొంత డీహెచ్‌సీపీని, అంటే అడ్రసులు పంచే సేవను, నడపగలదు. బ్లూటూత్ వైపును ఈథర్‌నెట్‌తో బ్రిడ్జ్ చేసి, అంటే రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌గా, కలిపేశారనుకోండి, ఆ డీహెచ్‌సీపీ ఈథర్‌నెట్ వైపుకూ తెరుచుకుని ఉందనుకోండి, అప్పుడు ఒకే నెట్‌వర్క్‌లో అడ్రసులు పంచేవారు ఇద్దరవుతారు. ఆఫీసులో కొన్ని కంప్యూటర్లు రౌటర్ దగ్గర, కొన్ని మన పెట్టె దగ్గర అడ్రస్ తీసుకుంటాయి. వాటిలో సగానికి ఇంటర్నెట్ ఆగిపోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. బ్రిడ్జ్ చేస్తే పంచే పని రౌటర్‌కే వదిలేయండి. మన పెట్టే పంచాలంటే బ్లూటూత్ వైపుకు 192.168.5తో మొదలయ్యే వేరే నెట్‌వర్క్ కట్టి, రెండు నెట్‌వర్క్‌ల మధ్య డేటాను దాటించే రౌటింగ్ పెట్టండి. ఒక బ్లూటూత్ రేడియో చుట్టూ ఒకేసారి చురుకుగా ఉండగలిగేది ఏడు పరికరాలే. కాబట్టి ఇక్కడ పెద్ద వరుస అక్కర్లేదు.

బ్రౌజర్‌లో యంత్రం సెట్టింగుల పేజీ తెరిచి, అడ్రస్ మార్చి 'సేవ్' నొక్కగానే ఆ పేజీ ఆగిపోతుంది. కంగారు పడకండి, యంత్రం కొత్త అడ్రస్‌కు మారింది, మీ ల్యాప్‌టాప్ ఇంకా పాతదాన్నే వెతుకుతోంది. కానీ అంకె తప్పు కొట్టి ఉంటే? అప్పుడు నెట్‌వర్క్ అవసరం లేకుండా ల్యాప్‌టాప్‌ను నేరుగా యంత్రానికి కలిపే సీరియల్ కేబులే దిక్కు. అది సంచిలో లేకుండా సైట్‌కు వెళ్లవద్దని మా కుర్రాళ్లకు గట్టిగా చెబుతాను. ఎక్కువ యంత్రాల్లో ఆ కేబుల్‌తో తెరిచే కన్సోల్, అంటే ఆదేశాలు టైప్ చేసే తెర, సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో తెరుచుకుంటుంది. ముందు పాత అమరికను ఒక కాపీ తీసుకోవడం కూడా మరవకండి.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను, 0000 వంటి బ్లూటూత్ పిన్‌ను ఆ రోజే మార్చేయాలి. గడియారాన్ని టైమ్ సర్వర్‌కు కలపండి. వేళ తప్పు పడిన ఉష్ణోగ్రత పట్టిక ఎవరికీ పనికిరాదు. మన ఉప్పుగాలికి ఈథర్‌నెట్ పిన్నులు చిలుము పడతాయి. లింక్ దీపం మిణుకుమంటే సెట్టింగులను అనుమానించే ముందు కేబుల్ చూడండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖ నగరాన్ని తాకాక రోజుల తరబడి కరెంటు లేని సంగతి మీలో పెద్దవాళ్లకు గుర్తే. కరెంటు తిరిగి వచ్చే క్షణానికి మనం అక్కడ ఉండం. ఆ గదిలో యంత్రాలు ఏ వరుసలో లేచినా మన పెట్టె తన అడ్రస్‌తో, తన సెన్సర్లతో లేవాలి. అందుకే ప్రతి సైట్‌లో చివరగా ప్రింటర్, రౌటర్, మన పెట్టె మూడింటికీ కరెంటు ఒకేసారి తీసేసి, మళ్లీ ఇచ్చి, సెన్సర్ విలువ తెర మీదికి వచ్చేదాకా కూర్చుంటాను. ఇక్కడ కూడా అదే చేద్దాం. ఆ వెనుక వరుసలో ఉన్న బాబూ, స్విచ్ ఆపు. అందరూ కుడివైపు తెర చూడండి.