50 మీటర్ల లోపల

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట ఎండను లెక్కచేయకుండా ద్వారకానగర్ దాకా వచ్చిన తల్లిదండ్రులకు, వెనుక వరుసలో అప్పుడే ఆవలిస్తున్న పిల్లలకు నమస్కారం. వ్యాయామోపాధ్యాయుడికి మైకు ఇస్తే రెండు నిమిషాల్లో ముగించేస్తాడని నిర్వాహకులు అనుకున్నట్టున్నారు. ఆ భరోసా నేను ఇవ్వలేను.

పిల్లల తిండి విషయంలో బాధ్యత తల్లిదండ్రులదే గాని ప్రభుత్వానిది కాదని అధ్యక్షులవారు తొలిపలుకుల్లో సెలవిచ్చారు. అందులో సగం నేను ఒప్పుకుంటాను. రాత్రి ఎనిమిదింటికి ఫోనులో పిజ్జా తెప్పించి, తెల్లారాక బిడ్డ ఇడ్లీ ముట్టడం లేదని మాస్టారి దగ్గర వాపోయే తల్లిదండ్రులను చాలామందిని చూశాను, వారితో గట్టిగానే మాట్లాడాను. మిగిలిన సగం ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే ఒక ఆటల పోటీ సంగతి చెప్పాలి. అది జరిగింది ఈ విశాఖ నగరంలోని ఒక ప్రైవేటు పాఠశాలలో; పేరు అనవసరం.

పరుగు పందెంలో గెలిచిన పిల్లలకు ఒకప్పుడు స్టీలు గ్లాసో, నిఘంటువో ఇచ్చేవాళ్లం. ఆ సంవత్సరం మైదానం చుట్టూ ఒక బర్గర్ల కంపెనీ జెండాలు వెలిశాయి, గెలుపు గీత దగ్గర దాని బొమ్మ వేషం వేసుకున్న మనిషి గెంతుతున్నాడు, బహుమతుల బల్ల మీద దాని కూపన్లు పరిచి ఉన్నాయి. నేను అభ్యంతరం చెబితే, షామియానా ఖర్చూ మైకు ఖర్చూ వాళ్లే పెట్టుకున్నారు కదా అన్నది యాజమాన్యం జవాబు. నాలుగో తరగతి అమ్మాయి ఒకతి మొదటి బహుమతి అందుకుంది. పరవాడలో మందుల కంపెనీలో షిఫ్టు పనిచేసే వాళ్లమ్మ మర్నాడు గేటు దగ్గర నన్ను ఆపి, “మాస్టారూ, ఏడాదిగా నేను వద్దు వద్దంటున్నదాన్ని మీ బడిలో చప్పట్లు కొట్టి మరీ చేతిలో పెట్టారు. ఇక నా మాట దాని దగ్గర ఎలా చెల్లుతుందండీ?” అని అడిగింది. కూపను మీద వచ్చేది ఒక్క బర్గరే. దాని కోసం ఇంటిల్లిపాదీ ఆటో ఎక్కాలి, తమ్ముడికి ఇంకొకటి కొనాలి, కూల్‌డ్రింకులు కొనాలి, బొమ్మ వచ్చే పెట్టె కోసం వాడు ఏడిస్తే అదీ కొనాలి. అధ్యక్షులవారూ, తమరే చెప్పండి, ఆ తల్లి ఏ బాధ్యత మరిచింది? ఇంట్లో ఆమె నిలబెట్టుకున్న మాటను బడి కూలదోసింది, అదీ బహుమతి పేరుతో!

ఇలా జరగకూడదని చెప్పే నిబంధనలు ఉన్నాయి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ వాటిని 2020లో ప్రకటించింది. 2021 జులై 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు మోతాదు మించిన తినుబండారాలను బడి ఆవరణలోనూ, బడి గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపలా పిల్లలకు అమ్మకూడదు, వాటికి ప్రచారం చేయకూడదు, ఉచితంగా కూడా ఇవ్వకూడదు. ఆ మేరకు గేటు దగ్గర బోర్డు పెట్టాలి. పుస్తకాల అట్టల మీద, బడి బస్సుల మీద, ఆటస్థలాల్లో ఆ సరుకుల పేర్లూ గుర్తులూ కనబడకూడదు. ఆ కూపన్లూ, ఆ జెండాలూ ఈ మాటల కిందికి రావని ఎవరైనా వాదించగలరా?

2022లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాలు కూడా చిప్సు, కూల్‌డ్రింకుల వంటి వాటి ప్రకటనలు పిల్లల కార్యక్రమాల్లో, పిల్లల ఛానెళ్లలో వేయకూడదన్నాయి. మంచిదే. కాని మన పిల్లలు తండ్రి పక్కన కూర్చుని చూసేది క్రికెట్టు, పడుకోబోయే ముందు చూసేది ఫోను.

చట్టంలో సందు వదిలితే ఏమవుతుందో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో తేలింది. పోషక ప్రమాణాలకు అందని పిల్లల భోజనంతో బొమ్మ ఉచితంగా ఇవ్వకూడదని ఆ నగరం 2010లో తీర్మానించింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో అది అమల్లోకి రాగానే మెక్‌డొనాల్డ్స్ బొమ్మకు 10 సెంట్ల ధర కట్టింది. ఉచితం కాదు కాబట్టి చట్టం ముట్టుకోలేదు, బొమ్మా భోజనమూ ఎప్పటిలాగే కలిసి అమ్ముడయ్యాయి. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రం ఇలాంటి సందులతో పెట్టుకోకుండా, 13 ఏళ్ల లోపు పిల్లలను ఉద్దేశించిన వాణిజ్య ప్రకటనలనే 1980లో నిషేధించింది. నాకు ఆ పద్ధతే నచ్చుతుంది.

ఒక భయం మాత్రం ఉంది. 50 మీటర్ల నిబంధనను రేపు అమలు చేస్తామని ఎవరైనా బయలుదేరితే, మొదట లేపేది గేటు పక్కన జామకాయలు, ఉడికించిన వేరుశనగకాయలు, తేగలు అమ్ముకునే ముసలమ్మనే. మురీ మిక్చర్ బండిని కూడా తోసేస్తారు. ఆ బండి పరిశుభ్రత గురించి నేను పూచీ పడను, అది వేరే తగవు. కాని వీళ్లెవరూ బడికి షామియానా వేయించి బడి మైకులో తమ పేరు చదివించుకోలేదు. బండ్లు పోయి హోర్డింగు మిగిలితే దాన్ని నియంత్రణ అనకండి. ప్రభుత్వ బడిలో పిల్లవాడికి రాగిజావ, వేరుశనగ చిక్కీ ఇస్తున్న ఇదే ఊళ్లో, వేలకు వేలు ఫీజు కట్టిన పిల్లవాడికి బర్గరు కూపను ఇవ్వడం ఏమిటో, ఫీజు కడుతున్న మీరే అడగాలి.

కాబట్టి తల్లిదండ్రులారా, బాధ్యత మీదే అంటున్నారు కదా, దాన్ని బడి గేటు దాకా తీసుకెళ్లండి. వచ్చే సమావేశంలో మార్కుల గురించి అడగబోయే ముందు గేటు దగ్గర బోర్డు ఏదని, ఈ ఏడాది ఆటల పోటీల ఖర్చు ఎవరు పెడుతున్నారని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబు నచ్చకపోతే ఆహార భద్రతాధికారికి అర్జీ పెట్టండి. దూరం గురించి తగవు వస్తే నన్ను పిలవండి. ట్రాకు కొలిచే టేపు ఇంకా నా దగ్గరే ఉంది, గేటు నుంచి నాలుగు దిక్కులా కొలిచి పెడతాను.