ఆ రికార్డులో ఆవిడ మాట ఒక్కటీ లేదు

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, ట్యూటర్లందరికీ, ముందు వరసల్లో కూర్చున్న థర్డ్ ఇయర్ పిల్లలకి నర్సెస్ డే శుభాకాంక్షలు. నన్ను మెంటల్ హెల్త్ నర్సింగ్‌లో ఉన్న అవకాశాల గురించి చెప్పమన్నారు. నాలుగేళ్ల బీఎస్సీ అయ్యాక రెండేళ్ల ఎమ్మెస్సీలో సైకియాట్రిక్ తీసుకోవచ్చు, లేదా ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కూడా ఉంది. మిగతాది మీ మేడమ్‌లు చెప్తారు. నేను మాట్లాడాలనుకుంటున్నది ప్రాసెస్ రికార్డింగ్ గురించి, అంటే పేషెంటూ మనమూ మాట్లాడుకున్న మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసే రికార్డు గురించి.

చూసి రాసుకోవడానికి సీనియర్ల రికార్డు అప్పుడే తెచ్చి పెట్టుకున్నవాళ్లు చేతులెత్తండి. భయపడకండమ్మా, తిట్టడానికి కాదు, నేనూ అదే చేశాను.

నేను చదువుకునేటప్పుడు సైకియాట్రీ వార్డు పోస్టింగ్‌లో నాకు ఒక పెద్దావిడని ఇచ్చారు. పేరూ ఊరూ చెప్పను, చెప్పకూడదు కూడా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలని ఉంది. ఆవిడ కాలి మడమ పైన గొలుసు ఒరిసిన మచ్చ ఉండేది, ఇంట్లో కట్టేసేవాళ్లంట. ఇప్పుడు అదే చట్టం ప్రకారం గొలుసుతో కట్టేయడం నిషేధం, కానీ ఆ మచ్చ అప్పటికే పడిపోయింది కదా. నేను రోజూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని, ఆవిడ రోజూ ఒకటే అడిగేది, "మా గేదె ఈనిందా అమ్మాయీ" అని, నేనేమో ఇది రికార్డులో రాసే మాట కాదనుకుని హాస్టల్‌కి వచ్చి సీనియర్ రికార్డులోంచి "చెవిలో ఎవరో మాట్లాడుతున్నారు సిస్టర్" అన్న ముక్క దించేసుకున్నాను.

ఒక రోజు ఆవిడ నా పుస్తకం చూపించి, రోజూ రాస్తావు కదా, నేనేం చెప్పానో చదువు అంది. చదివాను. ఆవిడ చాలాసేపు నా మొహం చూసి, "నేనలా అనలేదు కదమ్మా, గేదె గురించి కదా అడిగాను" అంది.

పిల్లలూ, ఆ రికార్డుకి నాకు మంచి మార్కులే పడ్డాయి.

పిచ్చాసుపత్రి నర్సుకి సంబంధాలు రావని మా మేనత్త ఏడ్చింది, ఆ మాట ఇప్పటికీ మీలో చాలామంది ఇళ్లలో అంటున్నారని తెలుసు, దాని గురించి ఇంకోసారి గట్టిగా మాట్లాడుకుందాం, ఇప్పుడు ఆ గేదె సంగతి చెప్పనివ్వండి. వార్డు సిస్టర్‌ని అడిగి ఇంటికి ఫోన్ చేయించాం. ఈనిందంట, పెయ్యదూడంట. చెప్తే ఆవిడ దూడ రంగేంటని అడిగింది, నుదుటి మీద చుక్క ఉందా అని అడిగింది, అలా దాదాపు గంటసేపు మాట్లాడింది. అన్నాళ్లూ నాలుక కింద దాచుకునే మాత్ర ఆ సాయంత్రం ఎందుకు దాచుకునేదో కూడా తనే చెప్పింది, వేసుకుంటే చేతులు వణుకుతాయి, ఇంటికెళ్లాక పాలెలా పితకాలి అని. డాక్టరుగారికి చెప్పాం, మందు మార్చారు.

సోమవారం మీ పోస్టింగ్ మొదలు కదా. సీనియర్ల రికార్డులు శనివారంలోగా వాళ్లకి తిరిగిచ్చేయండి, నా కోసం, ఖాళీ పుస్తకంతో వెళ్లండి.