మానవీయ శాస్త్రాల సదస్సులో శ్రోతకు పని ఏమిటి?

[దృశ్యం: విజయవాడ–గుంటూరు జాతీయ రహదారి. పక్కనే నాగార్జున నగర్ ప్రాంగణ ప్రవేశద్వారం.]

వ్యాఖ్యాత: నమస్కారం. విజయవాడ నుంచి గుంటూరుకు బస్సులో వెళ్ళేవారందరికీ ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ద్వారం పరిచయమే. కానీ లోపల సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రం వంటి మానవీయ శాస్త్రాల మీద జరిగే ఉపన్యాసాలూ సదస్సులూ ఆచార్యులకూ పరిశోధక విద్యార్థులకూ సంబంధించినవే అన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. ఆ సభలు ఎలా నడుస్తాయో, వాటిలో మామూలు శ్రోతకు ఏ పాత్ర ఉందో ఈ వీడియోలో పరిశీలిద్దాం.

[దృశ్యం: పాత బెజవాడ ఛాయాచిత్రాలు. తెర మీద సంవత్సరాలు: 1914, 1926, 1976.]

వ్యాఖ్యాత: ఈ ప్రాంతంలో విద్వత్సభలు విశ్వవిద్యాలయాలకంటే ముందే పుట్టాయి. 1914 ఏప్రిల్‌లో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు బెజవాడలో మహాసభ జరుపుకొన్నప్పుడు తెలుగువారికి సొంత విశ్వవిద్యాలయమే లేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని తొలి కేంద్రస్థానం కూడా బెజవాడే. 1930లో అది వాల్తేరుకు తరలిపోయింది. ఆ తరువాత 1967లో అదే విశ్వవిద్యాలయం గుంటూరులో స్నాతకోత్తర కేంద్రాన్ని నెలకొల్పింది, 1976లో ఆ కేంద్రమే నాగార్జున విశ్వవిద్యాలయమైంది. చదువుకున్న గుమాస్తాలూ, వకీళ్ళూ, రైతులూ కలిసి కూర్చుని విద్యావిషయాలు చర్చించే అలవాటు ఇక్కడ కొత్తగా నేర్పవలసింది కాదని చెప్పడానికే ఈ సంవత్సరాలు ప్రస్తావించాను.

[దృశ్యం: రెండు ఆహ్వాన పత్రికలు పక్కపక్కన.]

వ్యాఖ్యాత: మనకు ఎదురయ్యే సభలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది స్మారకోపన్యాసం లేదా ధర్మనిధి ఉపన్యాసం. ఒక కుటుంబమో సంస్థో కొంత మొత్తాన్ని విశ్వవిద్యాలయం పేర జమచేస్తే, దాని మీద వచ్చే వడ్డీతో ఏటా ఒక పండితుణ్ణి పిలిపించి మాట్లాడిస్తారు. వక్త ఒక్కరే, విషయం ఒక్కటే, సమయం సుమారు గంట. సాధారణంగా ఇటువంటి సభకు ప్రవేశ రుసుము ఉండదు.

రెండవది సదస్సు, ఇది మరింత క్లిష్టమైనది. నిర్వాహకులు కొన్ని నెలల ముందే విషయ పరిచయ పత్రాన్ని విడుదల చేసి, పరిశోధన పత్రాల సంగ్రహాలు పంపమని కోరతారు. ఎంపికైనవారు సదస్సు రోజున తమ పరిశోధన పత్రాన్ని చదువుతారు. ప్రారంభ సభలో ఒక పెద్ద విద్వాంసుడు కీలకోపన్యాసం చేసి చర్చకు దారి వేస్తారు. ఆ తరువాత వేర్వేరు గదుల్లో ఏకకాలంలో సమావేశాలు జరుగుతాయి. ఒక్కో సమావేశానికి ఒక అధ్యక్షులు ఉంటారు, ఒక్కో పత్రానికి పదిహేను నిమిషాలో ఇరవై నిమిషాలో కేటాయిస్తారు. కాగితం మీద ఈ ఏర్పాటు చక్కగానే కనిపిస్తుంది.

[దృశ్యం: కార్యక్రమ పత్రం మీద గడియారం ముల్లు తిరుగుతుంది, చివరి వరుసలోని ‘చర్చ’ క్రమంగా కుంచించుకుపోతుంది.]

వ్యాఖ్యాత: అసలు చిక్కు అమలులో వస్తుంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, అతిథుల పరిచయం, శాలువాలు, జ్ఞాపికలు, ఒకరి తరువాత ఒకరుగా వేదిక మీది పెద్దల పలుకులు పూర్తయ్యేసరికి గంట ఆలస్యమవుతుంది. ఆ గంటను పూడ్చడానికి ఎవరూ శాలువాలను తగ్గించరు, ప్రశ్నల సమయాన్నే తగ్గిస్తారు. మరో కారణం కూడా ఉంది. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనలు సదస్సుల్లో పత్ర సమర్పణకు అధ్యాపకుల పదోన్నతిలో పాయింట్లు కేటాయించాయి. దానితో పత్రాలు సమర్పించాలనుకునేవారు పెరిగి, సమావేశాలు కిక్కిరిసి, పదిహేను నిమిషాల పత్రం ఐదు నిమిషాలకు కుదించుకుపోయే పరిస్థితి ఏర్పడింది. ధ్రువీకరణ పత్రం అందరికీ అందుతుంది. చర్చ మాత్రం జరగదు. నా దృష్టిలో చర్చ లేని సదస్సును సదస్సు అనడం కంటే పత్రాల పఠనం అనడమే న్యాయం.

[దృశ్యం: నాగార్జునకొండ మ్యూజియంలోని బౌద్ధ శిల్పాలు.]

వ్యాఖ్యాత: చర్చకు ఇంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే ఈ విశ్వవిద్యాలయం ఎవరి పేరు పెట్టుకున్నదో చూస్తే చాలు. క్రీ.శ. 2వ శతాబ్దం ప్రాంతంవాడని పండితులు భావించే బౌద్ధ తత్త్వవేత్త నాగార్జునాచార్యుడు ‘విగ్రహవ్యావర్తని’ అనే గ్రంథాన్ని 70 కారికలలో, అంటే చిన్న శ్లోకాలలో, రచించాడు. వాటిలో మొదటి 20 కారికలు ప్రత్యర్థుల ఆక్షేపణలే. అన్నీ స్వభావశూన్యాలే, అంటే దేనికీ తనదంటూ స్వతంత్రమైన స్వభావం లేనివే అయితే నీ మాట కూడా శూన్యమే కదా, అది దేనిని ఖండించగలదు అన్న అతి కఠినమైన ప్రశ్నతోనే గ్రంథం మొదలవుతుంది. సమాధానాలు మిగిలిన 50 కారికలలో వస్తాయి. తన సిద్ధాంతాన్ని తానే నిలదీసిన తరువాతనే సమర్థించుకున్న ఆ పద్ధతి నేటి సభలకు నేరుగా వర్తిస్తుంది. మన అవధాన సభలోనూ పృచ్ఛకుణ్ణి వేదిక మీదనే కూర్చోబెడతారు. ప్రశ్నించేవాడు లేకపోతే అవధానమే లేదు.

[దృశ్యం: అమరావతి స్తూపం; శిల్పఫలకాలు; చెన్నై, లండన్ నగరాలను చూపే పటం.]

వ్యాఖ్యాత: శ్రోత ప్రశ్న వల్ల ఏమి లభిస్తుందో అమరావతి శిల్పాల ఉదాహరణతో చెప్పుకుందాం. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడి బౌద్ధ స్తూపపు దిబ్బను చూసేనాటికే, జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి కొత్త పట్టణ నిర్మాణం కోసం అక్కడి నుంచి రాళ్ళూ ఇటుకలూ తవ్వుకుపోతున్నారు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలావరకు తరువాత లండన్‌కు వెళ్ళాయి. ఇప్పటికీ ముఖ్యమైన ఫలకాలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. దీని మీద సదస్సు జరిగితే చరిత్రకారుడు తేదీలు నిర్ధారిస్తాడు, కళాచరిత్ర చదివినవారు శైలిని వివరిస్తారు, తత్త్వశాస్త్ర విద్యార్థి ఈ శిల్పాలు ఎవరికి చెందాలన్న నైతిక ప్రశ్న లేవనెత్తుతాడు. సభలో కృష్ణ ఒడ్డు గ్రామం నుంచి వచ్చిన ఒక రైతు ఉన్నాడనుకోండి. తమ ఊరి బావిగట్టులో చెక్కడపు రాయి ఒకటి ఉన్నదనీ, దానిని ఎవరికి చూపించాలనీ అతడు అడిగితే, ఆ ప్రశ్నతో పరిశోధకునికి వెళ్ళి చూడవలసిన ఒక కొత్త చోటు తెలుస్తుంది. ఏ గ్రంథాలయంలోనూ దొరకని సమాచారం అది.

[దృశ్యం: సభామందిరంలో చేతికి మైకు అందుకుంటున్న శ్రోత.]

వ్యాఖ్యాత: ఇక ఆచరణకు వద్దాం. దినపత్రికల జిల్లా పేజీల్లో ఆనాటి కార్యక్రమాల శీర్షిక చూడండి. విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో ఆయా శాఖల ప్రకటనలు గమనించండి. సదస్సుకు నమోదు రుసుము ఉంటే, కేవలం వినడానికి రావచ్చునా అని సంచాలకులకు ఫోన్ చేసి ముందుగానే అడగండి. రోజంతా ఉండే వీలు లేకపోతే ప్రారంభ సభను వదిలి, మీకు ఆసక్తి ఉన్న సమావేశానికే వెళ్ళండి. నిజమైన పని అక్కడే జరుగుతుంది. ప్రశ్న అడిగేటప్పుడు మీ పేరు చెప్పి, ఒకే ప్రశ్నను రెండు మూడు వాక్యాలలో ముగించండి. ప్రశ్న పేరుతో మరో ఉపన్యాసం చేసే పెద్దమనుషులు ప్రతి సభలోనూ ఉంటారు, వారివల్ల పోయేది మీ వంతు సమయమే. సమయం చాలక అధ్యక్షులు చర్చను ఆపివేస్తే, ప్రశ్నను కాగితం మీద రాసి, మీ ఫోన్ నంబరుతో వక్తకే అందజేయండి. సదస్సు పత్రాలు పుస్తకంగా వెలువడే ముందు రచయితలు వాటిని సవరించుకునే అవకాశం ఉంటుంది కనుక, మీ ప్రశ్నకు సమాధానం ఆ సంపుటిలో చేరడానికి అప్పటికీ వ్యవధి మిగిలే ఉంటుంది.