అటక మీది సామాను: ప్రోటీన్ రాయని డీఎన్ఏ

అందరికీ నమస్కారం.

మన డీఎన్ఏ గురించి రెండు రకాల హెడ్డింగులు మీరు చూసే ఉంటారు. "98 శాతం చెత్తే" అన్నది ఒకటి. "చెత్త అనుకున్నది పొరపాటు, ప్రతి అక్షరానికీ పనుందని తేలింది" అన్నది రెండోది. నన్నడిగితే రెండూ తప్పే. ఎందుకో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు లెక్క చూద్దాం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున మనకు రెండు సెట్ల డీఎన్ఏ వస్తుంది. ఒక్కో సెట్టులో సుమారు 310 కోట్ల అక్షరాలు. ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతోనే రాత అంతా. ఇందులో ప్రోటీన్లు ఎలా తయారుచేయాలో చెప్పే జన్యువులు 20 వేల దాకా ఉన్నాయి. ఆ ప్రోటీన్ల రాత వరకే తీసుకుంటే మొత్తంలో ఒకటిన్నర శాతం. మిగిలినదంతా నాన్-కోడింగ్ డీఎన్ఏ.

"జంక్" అనే మాటను ఈ చర్చలో నిలబెట్టింది జన్యు శాస్త్రవేత్త సుసుము ఒహ్నో, 1972లో. ఆయన ఏదో తెలియక అన్నాడని ఇప్పుడు చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు. కానీ ఆయన వాదనలో బలముంది. పుట్టే ప్రతి బిడ్డలోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త అక్షర మార్పులు కొన్ని ఉంటాయి. ఇవాళ్టి లెక్క ప్రకారం సుమారు 60 నుంచి 70. ప్రతి అక్షరమూ ముఖ్యమైనదే అయితే, తరతరానికీ ఇన్ని తప్పులు పేరుకుపోయి మనిషి జాతి ఎప్పుడో కుప్పకూలేది. కూలలేదంటే, ఆ తప్పుల్లో చాలావరకు ఎవరికీ పట్టని చోట పడుతున్నాయన్న మాట.

జంక్‌ను మనవాళ్లు "చెత్త" అని అనువదించడంతో చిక్కొచ్చిపడింది. జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెన్నర్ ఈ తేడాను బాగా పట్టుకున్నాడు. చెత్తను ఊడ్చి పారేస్తాం, జంక్‌ను దాచుకుంటాం అన్నాడాయన. అంటే మన అటక మీది పాత సామాను లాంటిదన్న మాట. అడ్డం లేదు కాబట్టి పడి ఉంటుంది. అందులో ఎప్పుడో ఒక వస్తువు అక్కరకొస్తుంది. అంత మాత్రాన అటక మీద ఉన్నదంతా విలువైనదే అనలేం.

ఇక పని చేసే ముక్కల సంగతి. 1977లో రిచర్డ్ రాబర్ట్స్, ఫిలిప్ షార్ప్ బృందాలు విడివిడిగా ఒక వింత చూశాయి. జన్యువు ఒకే వాక్యంగా ఉండదు, మధ్య మధ్యలో ప్రోటీన్‌తో సంబంధం లేని పొడవాటి రాత ఉంటుంది. అదే ఇంట్రాన్. జన్యువు మొత్తాన్నీ ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసి, ఇంట్రాన్లను కత్తిరించి, మిగిలిన ముక్కలను కణం అతికిస్తుంది. కండరాలకు కావలసిన డిస్ట్రోఫిన్ జన్యువు 20 లక్షల అక్షరాలు దాటి ఉంటుంది. కత్తిరింపులయ్యాక మిగిలేది 14 వేలు. ఒక్క నకలు తీయడానికే కణానికి 16 గంటలు పడుతుంది. ఇంత వృథా ఎందుకంటారా? కొంత నిజంగా వృథానే. కానీ ఆ ఇంట్రాన్లలో కొన్నిచోట్ల జన్యువులను ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు దాగి ఉంటాయి.

సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువుంది. పేరు ఒక వీడియో గేమ్ నుంచి వచ్చింది, తెలుగులో ఏమనాలో నాకు తోచలేదు. గర్భంలో చేతులు, కాళ్లు ఏర్పడేటప్పుడు వేళ్లు ఎన్ని రావాలో, ఏది ఎటు ఉండాలో తేల్చే పనిలో దీని పాత్ర పెద్దది. చేతుల్లో, కాళ్లలో దీన్ని ఆన్ చేసే స్విచ్ జన్యువు పక్కన లేదు. సుమారు 10 లక్షల అక్షరాల దూరంలో, వేరే జన్యువు ఇంట్రాన్‌లో ఉంది. దాని పేరు జెడ్ఆర్‌ఎస్. అంత దూరం నుంచి ఎలా పనిచేస్తుందంటే, డీఎన్ఏ తీగ మడత పడి స్విచ్‌నూ జన్యువునూ దగ్గరకు తెస్తుంది. ఈ స్విచ్‌లో ఒక్క అక్షరం మారినా కొందరికి ఆరో వేలు వస్తుంది. జన్యువులో మాత్రం ఏ తప్పూ ఉండదు.

పాముల్లో ఈ స్విచ్ చెడిపోయి ఉంది. 2016లో శాస్త్రవేత్తలు ఎలుకల్లోని స్విచ్ తీసేసి, దాని చోట పాముది పెట్టారు. పుట్టిన ఎలుకలకు కాళ్లు మొండివైపోయాయి. ప్రోటీన్లన్నీ ఎలుకవే, ఒక్కటీ మార్చలేదు.

రెండో ఉదాహరణ రోగుల దాకా వెళ్లింది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. తల్లి కడుపులో ఉన్నప్పుడు మనకు ఒక రకం హిమోగ్లోబిన్ (రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్) ఉంటుంది, పుట్టాక క్రమంగా ఇంకో రకానికి మారతాం. సికిల్ సెల్ జబ్బులో తప్పు ఆ రెండో రకంలో ఉంటుంది. మొదటి రకాన్ని మళ్లీ తెరిపిస్తే రోగి తేరుకుంటాడు. దాన్ని మూసిపెట్టేది బీసీఎల్11ఎ అనే ప్రోటీన్. మరి ఆ ప్రోటీన్ జన్యువునే చెడగొడితే పోలేదా? కుదరదు. మెదడుకూ, రోగనిరోధక కణాలకూ అది కావాలి. అయితే దాని ఇంట్రాన్‌లో ఒక స్విచ్ దొరికింది. ఎర్ర రక్తకణాలు తయారయ్యే చోట మాత్రమే పనిచేసే స్విచ్ అది. రోగిలో రక్తం తయారుచేసే మూలకణాలను బయటకు తీసి, డీఎన్ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ అనే పద్ధతితో ఆ స్విచ్‌ను మాత్రం కోసి, తిరిగి ఎక్కిస్తారు. మెదడులో ప్రోటీన్ అలాగే ఉంటుంది, ఎర్ర రక్తకణాలు తయారయ్యే చోట తగ్గుతుంది. క్యాస్జెవీ అనే ఈ చికిత్సకు 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతి ఇచ్చాయి. క్రిస్పర్‌తో వచ్చిన మొదటి వైద్యం కత్తి పెట్టింది నాన్-కోడింగ్ డీఎన్ఏ మీదే.

క్రోమోజోముల కొసలను కాపాడే టెలోమియర్లు, కణం విభజన జరిగేటప్పుడు పట్టు దొరికే సెంట్రోమియర్లు కూడా నాన్-కోడింగే. వాటి జోలికి ఇవాళ వెళ్లను.

ఇప్పుడు రెండో హెడ్డింగు సంగతి. జీనోమ్‌లో, అంటే ఒక సెట్టు డీఎన్ఏ మొత్తంలో, దాదాపు సగం, తమను తాము కాపీ చేసుకుంటూ దూకిన ముక్కల శిథిలాలే. ఇలా దూకే ముక్కలున్నాయని మొక్కజొన్నలో చూసి చెప్పింది బార్బరా మెక్‌క్లింటాక్. ఆమెకు 1983లో నోబెల్ వచ్చింది. మనలో ఆలూ అనే 300 అక్షరాల ముక్క 10 లక్షలకు పైగా కాపీల్లో ఉంది (పేరు విని నవ్వకండి, ఒక బ్యాక్టీరియా పేరులోంచి వచ్చింది). ప్రోటీన్లన్నిటి రాతా కలిపి ఒకటిన్నర శాతమైతే, ఈ ఒక్క ముక్కకే 10 శాతం పోయింది. పాత వైరస్‌ల అవశేషాలు ఇంకో 8 శాతం. వీటిలో కొన్ని స్విచ్‌లుగా మారిన మాట నిజమే. ఎక్కువ భాగం మాత్రం చచ్చి పడి ఉన్నాయి.

2012లో, డీఎన్ఏలో ఏ భాగం ఏం చేస్తుందో వెతికే ఎన్‌కోడ్ ప్రాజెక్టు, జీనోమ్‌లో 80 శాతానికి జీవరసాయన పని ఉందని ప్రకటించింది. పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ ప్రాజెక్టు ఇచ్చిన డేటా అమూల్యం, అందులో సందేహం లేదు. తేడా వచ్చింది "పని" అన్న మాట దగ్గరే. ఎక్కడైనా ప్రోటీన్ అంటుకున్నా, ఆర్‌ఎన్‌ఏ నకలు కనబడినా లెక్కలోకి తీసుకున్నారు. మీరే ఆలోచించండి. నాలుగు అక్షరాల లిపిలో ఏ ఆరక్షరాల మాటైనా 4,096 చోట్లకు ఒకసారి ఊరికే తగులుతుంది. 310 కోట్లలో అది ఏడు లక్షల సార్లు దాటుతుంది. ప్రోటీన్లు అంటుకునే గుర్తులు చాలావరకు ఇలాంటి పొట్టి మాటలే. అంటుకున్న ప్రతిచోటా పని జరుగుతోందని ఎలా అంటాం? పరిణామ క్రమంలో మారకుండా కాపాడబడిన భాగం ఎంతో చూస్తే, చాలా అంచనాలు 5 నుంచి 15 శాతం మధ్యే ఉంటాయి. ప్రోటీన్ రాతకు ఇది చాలా రెట్లు ఎక్కువ, 80కి ఎంతో తక్కువ.

ఇంకా అనుమానముంటే ఉల్లిపాయను చూడండి. దాని జీనోమ్ మనదానికి ఐదు రెట్లు. మరోవైపు యుట్రిక్యులేరియా గిబ్బా అనే చిన్న నీటిమొక్క ఎనిమిది కోట్ల అక్షరాలతోనే పువ్వులు పూసి, పురుగుల్ని పట్టి బతికేస్తోంది. దాని అటక దాదాపు ఖాళీ.

చివరిగా, జన్యు పరీక్షల గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఒకటి చెప్పాలి. ఆస్పత్రుల్లో ఎక్కువగా రాసే ఎక్సోమ్ పరీక్ష ప్రోటీన్ రాతనూ, దాని అంచుల్లో కొన్ని అక్షరాలనూ మాత్రమే చదువుతుంది. ఇందాకటి ఆరో వేలి బిడ్డ రక్తాన్ని దానికి పంపితే, రిపోర్టులో మామూలుగా ఏ తప్పూ కనబడదు. 10 లక్షల అక్షరాల అవతల ఉన్న స్విచ్‌ను ఆ పరీక్ష తెరిచి చూడలేదు మరి.

ఇక మీ ప్రశ్నలు వింటాను.