తరంగంబాడి: నవగ్రహ యాత్ర బస్సులు ఆగని తీరపట్నానికి ఒక ప్రయాణ ప్రణాళిక

[తెర మీద: కావేరి డెల్టా పటం. చిదంబరం నుంచి నాగపట్నం దాకా తీరం వెంబడి ఒక ఎర్ర గీత సాగుతుంది.]

తెలుగు ఊళ్ల నుంచి నవగ్రహ యాత్రకు బయలుదేరే బస్సులు ఏడాది పొడవునా ఈ దారిలోనే వెళ్తుంటాయి. వైదీశ్వరన్ కోయిల్‌లో కుజుడిని, తిరువెన్‌కాడులో బుధుడిని, కీళ్‌పెరుంపళ్లంలో కేతువును దర్శించుకుని, తిరుక్కడయూరులో అభిరామి అమ్మవారికి దండం పెట్టుకుని, చీకటి పడకముందే శనీశ్వరుని సన్నిధికి చేరాలన్న తొందరలో తిరునళ్లారు వైపు సాగిపోతాయి. ఆ రెండు క్షేత్రాల నడుమ, దక్షిణానికి వెళ్లేవారికి ఎడమచేతి వైపు, సముద్రపు ఒడ్డున ఒక చిన్న పట్నం ఉంది. 1620 నుంచి 1845 వరకు, మధ్యలో ఆంగ్లేయులు ఆక్రమించుకున్న కొన్నేళ్లు మినహా, అక్కడ ఎగిరింది డెన్మార్కు జెండా. ఆ పట్నమే తరంగంబాడి. ఐరోపావారి రికార్డులలో దాని పేరు ట్రాంక్విబార్. ప్రస్తుతం తమిళనాడులోని మయిలాడుదురై జిల్లాలో ఉంది.

తరంగంబాడికి వెళ్లేవారు అక్కడ కనీసం ఒక రాత్రి బస చేసేలా ప్రయాణం వేసుకోవాలన్నదే ఈ వీడియోలో ప్రధానంగా చెప్పదలచిన మాట. పుదుచ్చేరి నుంచి వేలాంకణ్ణికి వెళ్తూ ఒక గంట బండి ఆపి, కోట ముందు ఫోటో దిగి కదిలిపోయేవారే ఎక్కువ. అలా చూసినవారికి ఇది ఒక పసుపు రంగు కట్టడం, దాని వెనక ఎండ మండుతున్న ఇసుక, అంతే. వీధుల అమరిక, వాటి చరిత్ర తెలుసుకుంటూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిస్తే తప్ప ఈ ఊరు మనకు అందదు.

[దృశ్యం: డాన్స్‌బర్గ్ కోట, సముద్రం వైపు నుంచి.]

చరిత్రను కొంచెం వివరంగానే చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో మనవారి పాత్ర ఉంది. 1618లో డెన్మార్కు రాజు నాలుగవ క్రిస్టియన్ పంపిన నౌకలు ఓవ్ గెడ్డె అనే యువ సేనాని నాయకత్వంలో మొదట సింహళానికి చేరాయి. క్యాండీ రాజుతో వర్తకం కుదుర్చుకోవాలన్న ఆ ప్రయత్నం ఫలించలేదు. ఈలోగా, ముందుగా వచ్చిన మరో నౌకను పోర్చుగీసువారు కారైక్కాల్ సమీపంలో ముంచివేయగా, ప్రాణాలతో బయటపడిన రోలాండ్ క్రప్పే అనే వర్తకుడు కొద్దిమంది నావికులతో తంజావూరు కొలువుకు చేరుకున్నాడు. ఆ కొలువులో సింహాసనం మీద ఉన్నవాడు రఘునాథ నాయకుడు. స్వయంగా తెలుగు కవి, వీణావాదకుడు, రామభద్రాంబ వంటి కవయిత్రులను ఆదరించిన ప్రభువు. పోర్చుగీసువారికి పోటీగా మరొక ఐరోపా దేశం తన తీరంలో ఉండటం లాభమని ఆయన లెక్క వేసుకుని ఉండాలి. 1620 నవంబరులో ఒప్పందం కుదిరింది. కోట కట్టుకోవడానికీ, మిరియాలు ఎగుమతి చేసుకోవడానికీ డెన్మార్కువారికి అనుమతి లభించింది. రఘునాథుడు డెన్మార్కు రాజుకు బంగారు రేకు మీద చెక్కించి పంపిన లేఖ ఈనాటికీ కోపెన్‌హేగన్‌లో భద్రంగా ఉంది. తెలుగువారి సాహిత్య చరిత్రలో కావ్యాల పక్కన మాత్రమే కనిపించే ఈ రాజు, వర్తకంలోనూ ఎంత ముందుచూపు ఉన్నవాడో తరంగంబాడి చూపిస్తుంది.

వర్తకం ఎప్పుడూ వారు ఆశించినంతగా సాగలేదు. చివరికి 1845లో డెన్మార్కు ఈ పట్నాన్ని, బెంగాలులోని సేరాంపూరునూ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఈస్టిండియా కంపెనీకి అమ్మివేసింది. ఆ తరువాత 1861లో రైలు మార్గం నాగపట్నానికి వచ్చింది, సరుకు అటు మళ్లింది, తరంగంబాడి రేవు మూగబోయింది. ఊరు ఎదగలేదు కాబట్టే పాత వీధులను పడగొట్టి కొత్తవి కట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఒకప్పటి దౌర్భాగ్యం వల్ల మిగిలిన పట్నాన్ని మనం చూడబోతున్నాము. కాబట్టి పుదుచ్చేరిలో ఉన్నన్ని హోటళ్లు, కేఫులు, దుకాణాలు ఇక్కడ ఉంటాయని ఆశించకూడదు.

[తెర మీద: పన్నెండు నెలల పట్టిక. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నీలిరంగులో.]

ఇక ప్రయాణ కాలం. మనకు వానలు ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురుస్తాయి. ఈ తీరానికి మాత్రం అసలు వానాకాలం అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. దసరా సెలవులు కలిసివచ్చాయని టికెట్లు తీసుకునేవారు ఈ తేడాను మరచిపోతుంటారు. తుపాన్లూ ఆ నెలల్లోనే వస్తాయి. 2018 నవంబరు 16న గజ తుపాను తీరం దాటింది నాగపట్నం, వేదారణ్యం మధ్యనే. జనవరి రెండో పక్షం నుంచి మార్చి మొదటి వారాల దాకా ఉన్న కాలం అన్నివిధాలా అనుకూలం. మనకు సంక్రాంతి అయితే వారికి పొంగల్, కాబట్టి ఆ వారంలో చెన్నై నుంచి దక్షిణానికి వెళ్లే ఏ రైలులోనూ బెర్తు దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకు సెలవులు ఉన్నా, తీరపు ఉక్కపోతలో మధ్యాహ్నాలు భరించడం పెద్దలకు కష్టం. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకు వేలాంకణ్ణి మాత ఉత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో కారైక్కాల్ నుంచి నాగపట్నం దాకా గదులు దొరకడం గగనం.

నెల కుదిరాక వారం చూసుకోవాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు. కోటలోని మ్యూజియానికి శుక్రవారం సెలవు. శనివారం తిరునళ్లారులో శనీశ్వరుని దర్శనానికి వచ్చే జనంతో ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి. ఆదివారం ఉదయం చర్చిలలో ప్రార్థనలు జరుగుతాయి. ఆ సమయంలో కెమెరా పట్టుకుని లోపల తిరగడం మర్యాద కాదు. ఈ మూడూ కలిపి చూస్తే, వారాంతపు యాత్రగా కాకుండా, సెలవు పెట్టి సోమవారానికీ బుధవారానికీ మధ్య చేరుకోవడం మేలని తేలుతుంది. మ్యూజియం వేళలు మారుతుంటాయి కనుక బస చేసే చోటుకు ఒకసారి ఫోను చేసి కనుక్కోవడం మంచిది.

[దృశ్యం: మయిలాడుదురై జంక్షన్ ప్లాట్‌ఫారం.]

వెళ్లే దారి విషయానికి వస్తే, తరంగంబాడికి ఇప్పుడు రైలు లేదు. మయిలాడుదురై నుంచి ఉన్న మీటరుగేజి మార్గం 1980లలోనే మూతపడింది. హైదరాబాదు నుంచి గానీ విజయవాడ నుంచి గానీ రాత్రి రైలెక్కితే ఉదయానికి చెన్నై చేరవచ్చు. మయిలాడుదురై వైపు వెళ్లే రైళ్లు ఎక్కువగా ఎగ్మూరు నుంచి బయలుదేరుతాయి, మన రైళ్లలో చాలావరకు సెంట్రల్‌లో ఆగుతాయి. కనుక రెండు రైళ్ల నడుమ మూడు గంటల వ్యవధి ఉంచుకుంటే మన రైలు ఆలస్యమైనా కంగారు ఉండదు. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, వెనకటిలా 120 రోజులు కాదు. మయిలాడుదురైలో దిగి, కారైక్కాల్ వైపు వెళ్లే బస్సెక్కి పొరయారు దగ్గర దిగితే అక్కడి నుంచి ఆటో దొరుకుతుంది. మొత్తం సుమారు 30 కిలోమీటర్లు. విమానంలో వెళ్లేవారు హైదరాబాదు నుంచి నేరుగా తిరుచ్చికి వెళ్లి, తంజావూరు మీదుగా కారులో రావచ్చు. చెన్నై నుంచే కారులో వస్తే తీరం వెంబడి పుదుచ్చేరి, కడలూరు, చిదంబరం మీదుగా దాదాపు 280 కిలోమీటర్లు. చిదంబరంలో దర్శనం చేసుకోదలచినవారు పన్నెండు లోపు చేరుకోకపోతే సాయంత్రం దాకా ఆగవలసి ఉంటుంది.

బసకు చోట్లు తక్కువ. సముద్రం ఎదురుగా, పాత కలెక్టరు బంగళాను హోటలుగా మార్చిన చోట వరండాలో కూర్చుని సూర్యోదయం చూడవచ్చు; గదులు కొద్ది, అద్దె ఎక్కువ, సెలవు రోజులకు చాలా ముందుగా నిండిపోతాయి. ఖర్చు తగ్గించుకోవాలంటే కారైక్కాల్‌లో గది తీసుకోవచ్చు. నన్నడిగితే తిండి ఖర్చో, మరో ఊరో తగ్గించుకుని అయినా ఆ ఒక్క రాత్రి తరంగంబాడిలోనే ఉండమంటాను.

[దృశ్యం: లాండ్‌పోర్టెన్ ద్వారం. కెమెరా ద్వారం కిందుగా కింగ్ స్ట్రీట్‌లోకి సాగుతుంది.]

మధ్యాహ్నం చేరుకున్నవారు ఎండ తగ్గాక ఊరి ద్వారం దగ్గర నడక మొదలుపెట్టాలి. లాండ్‌పోర్టెన్ అని పిలిచే ఈ తెల్లని ద్వారం 1792లో తిరిగి కట్టినది. దాని కిందుగా లోపలికి అడుగుపెడితే కింగ్ స్ట్రీట్ తిన్నగా సముద్రం దాకా కనిపిస్తుంది. కుడి ఎడమల రెండు చర్చిలు ఉన్నాయి. 1701 నాటి జియాన్ చర్చి డెన్మార్కు ఉద్యోగుల కోసం కట్టుకున్నది. 1718లో ప్రారంభమైన న్యూ జెరూసలెం చర్చి ఈ దేశపు క్రైస్తవుల కోసం వెలిసినది. రెండవదాని ముఖద్వారం పైన కిరీటం, దాని కింద అల్లుకుపోయిన అక్షరాలు కనిపిస్తాయి. అది డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ ముద్ర. ఆ చర్చిని కట్టించిన బార్తలోమియస్ సీగెన్‌బాల్గ్ సమాధి లోపలే ఉంది.

ఈయన గురించి కొంత తెలుసుకుని వెళ్తే ఊరు వేరుగా కనిపిస్తుంది. 1706 జులై 9న, ఇరవై నాలుగేళ్లు నిండే ముందు రోజున ఇక్కడ దిగిన ఈ యువ జర్మన్ క్రైస్తవ మతప్రచారకుడు తమిళం నేర్చుకున్నాడు, ఆడపిల్లలకు బడి పెట్టాడు, ఇక్కడి డెన్మార్కు అధికారితో తగవుపడి నాలుగు నెలలు జైలులో గడిపాడు, అచ్చుయంత్రం తెప్పించి 1715 నాటికి బైబిలులోని కొత్త నిబంధనను తమిళంలో ముద్రించాడు. కాగితం కొరతను తీర్చుకోవడానికి పక్కనే కాగితపు మిల్లు కూడా పెట్టించాడు. 1719లో, ముప్పై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు. అదే ఏడాది ఇక్కడికి వచ్చిన మరో మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసుకు మారి, తెలుగు నేర్చుకుని, వ్యాకరణం రాసి, స్వదేశానికి తిరిగి వెళ్లాక 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్నంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. కాబట్టి సీగెన్‌బాల్గ్ నివసించిన ఇంట్లో 2017లో తెరిచిన మ్యూజియంలో అచ్చుయంత్రం ముందు నిలబడే తెలుగు పాఠకుడు దాన్ని తమిళుల చరిత్రగా మాత్రమే చూసి రావలసిన పని లేదు.

[దృశ్యం: కోట కింది అంతస్తు. వంపు తిరిగిన కప్పులు, చిన్న కిటికీలు.]

కోటను పొద్దుటి పూటకు ఉంచుకోవాలి. కింది అంతస్తు గదులకు దూలాలు లేవు. ఇటుకను వంపుగా పేర్చి కట్టిన కప్పులు ఉన్నాయి. సరుకు దాచినదీ, వంట చేసినదీ, సిపాయిలు పడుకున్నదీ ఈ గదుల్లోనే. గవర్నరు, మతగురువు మాత్రం గాలి వచ్చే పై అంతస్తులో ఉండేవారు. మ్యూజియం చిన్నది, వివరణ పలకలు అంతంతమాత్రం. అరగంటలో చూసి బయటికి వచ్చి, కోట ముందరి మైదానం చుట్టూ తిరిగితే పునరుద్ధరించిన గవర్నరు బంగళా కనిపిస్తుంది. అక్కడి నుంచి గోల్డ్‌స్మిత్ స్ట్రీట్‌కు వెళ్లాలి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ బాగుచేయించిన పాత తమిళ ఇళ్లు ఆ వీధిలో ఉన్నాయి. మట్టిపెంకుల కప్పు, వీధి వైపు అరుగు, అరుగు మీద చెక్క స్తంభాలు చూస్తే కోనసీమవారికి తమ తాతల నాటి ఇల్లు గుర్తుకు రావచ్చు.

ఉత్తరాన ఒడ్డును ఆనుకుని ఉన్న మాసిలామణినాథ ఆలయం డెన్మార్కువారి కంటే మూడు శతాబ్దాలు పాతది; 1306లో పాండ్యరాజు మారవర్మన్ కులశేఖరుని కాలంలో కట్టినది. ముందరి భాగాలను సముద్రం మింగేసింది. అలలను అడ్డుకోవడానికి వేసిన బండరాళ్ల మీదుగానే ఇప్పుడు దాన్ని చూడాలి. ఈ తీరంలో ఈతకు దిగకూడదు. రాళ్లు, లోపలికి లాగే ప్రవాహాలు రెండూ ఉన్నాయి, పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకూడదు.

[తెర మీద: పటం. తరంగంబాడి నుంచి తిరుక్కడయూరు, పూంపుహార్, తంజావూరు.]

రెండో రోజు మధ్యాహ్నం తరువాత ఎటు వెళ్లాలన్నది వెంట ఉన్నవారిని బట్టి ఉంటుంది. ఇంట్లో అరవై నిండుతున్న పెద్దలుంటే తిరుక్కడయూరును అసలు విడిచిపెట్టకూడదు. మార్కండేయుని కోసం శివుడు యముణ్ణి అడ్డుకున్న క్షేత్రమన్న నమ్మకంతో షష్టిపూర్తి, భీమరథ శాంతి చేయించుకోవడానికి మన జిల్లాల నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. ముహూర్తాల రోజుల్లో ఒకే ఆవరణలో పదుల జంటలు దండలు వేసుకుని కూర్చుని ఉంటాయి కాబట్టి పురోహితుణ్ణి ముందే మాట్లాడుకోవాలి. పూంపుహార్‌లో చోళుల నాటి రేవు గురించి చదివి వెళ్లేవారు నిరాశపడవచ్చు; చూడటానికి మిగిలినది చాలా తక్కువ.

సమయం ఉన్నవారు తిరుగు ప్రయాణాన్ని తంజావూరు మీదుగా వేసుకోవాలి. బృహదీశ్వరాలయం ఎలాగూ చూస్తారు. దానితోపాటు రాజప్రాసాదంలోని సరస్వతీ మహల్ గ్రంథాలయానికీ ఒక గంట కేటాయించాలి. నాయక రాజుల నాటి తెలుగు తాళపత్ర సంపదకు నిలయమది, దాని మ్యూజియాన్ని సందర్శకులు చూడవచ్చు. తరంగంబాడి ఒప్పందం కుదిరినదీ ఆ తంజావూరు కొలువులోనే. మూడో రోజు సాయంత్రం తంజావూరులో చెన్నై రైలెక్కితే మర్నాడు ఉదయం మన వైపు రైళ్లను అందుకోవచ్చు. విమానంలో వెళ్లేవారికి తిరుచ్చి అక్కడి నుంచి గంటన్నర లోపు దూరంలో ఉంది.