ఇటుక బట్టీలో మనోవ్యథ: వైద్యుడు అడగవలసిన ప్రశ్నలు

శ్రోతలకు నమస్కారం.

వానాకాలం పంట ఇంటికి చేరాక, పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు మన ప్రాంతపు ఇటుక బట్టీలకు బయలుదేరతాయి. కూలీలను కుదిర్చే సర్దారు దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని, చంటిపిల్లలతో సహా వచ్చి, మళ్ళీ వానలు పడేలోగా తిరిగి వెళ్ళే ఈ కుటుంబాలు పెద్దపల్లి, రంగారెడ్డి వంటి జిల్లాల్లో ఏడాదికి ఆరేడు నెలలు మనకు ఇరుగుపొరుగు. వీరికి జ్వరం వస్తే మందు ఎక్కడ దొరుకుతుందో చెప్పగలం. మనసు కుంగిపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో మాత్రం వారికీ తెలియదు, మనకూ అంతగా తెలియదు.

అటువంటి కుటుంబంలో ఒక స్త్రీకి కొన్ని వారాలుగా నిద్ర పట్టడం లేదనుకుందాం. తల బరువు, గుండె దడ, ఒళ్ళంతా మంటలు అని ఆమె చెప్పుకుంటుంది. బట్టీకి దగ్గరలోని ఆర్‌ఎంపీ ఒక సెలైన్ ఎక్కించి పంపిస్తాడు. నాలుగు రోజులు గడిచేసరికి బాధ మళ్ళీ మొదటికి వస్తుంది. మనోవేదనను ఒంటి నొప్పిగా చెప్పుకోవడం వలస కూలీలకే పరిమితమైన అలవాటు కాదు, మన ఊళ్ళలోనూ ఉన్నదే. అయితే మన ఊరి మనిషి అలా చెప్పినప్పుడు, ఆ ఇంటి సంగతి, అప్పు సంగతి, కూతురి కాపురం సంగతి వైద్యుడికి కొంతైనా తెలిసి ఉంటుంది. ఆమె విషయంలో ఆ ఆసరా లేదు. ఆమె మాట్లాడేది పశ్చిమ ఒడిశా భాష అయిన సంబల్‌పురి. కోస్తా ఒడియా మాత్రమే తెలిసిన ఉద్యోగికి కూడా అది పూర్తిగా అందకపోవచ్చు.

అప్పుడు సహజంగానే దుబాసీని వెతుకుతారు. తెలుగూ ఆ భాషా రెండూ వచ్చినవాడు సాధారణంగా సర్దారే. అడ్వాన్సు ఇచ్చినవాడు, ఇటుకల లెక్క రాసేవాడు, పని మానితే నిలదీసేవాడు కూడా అతడే అయినప్పుడు, ఆమె తన కష్టాన్ని అతని నోటి గుండా వైద్యుడికి ఎలా చెప్పుకోగలదు? భర్తను కూర్చోబెడితే ఇంట్లో తగిలే దెబ్బల మాట బయటికి రాదు. తెలుగు బడిలో నాలుగు మాటలు నేర్చిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టడం అన్నిటికంటే అన్యాయం. చచ్చిపోవాలని ఉందన్న మాటను ఏ తల్లీ కొడుకు చేత పలికించదు. కాబట్టి వలస వచ్చినవారికి మనోవైద్యం అందించడంలో మొదటి మెట్టు మందు కాదని, ఆ కుటుంబంతో లావాదేవీలు లేని దుబాసీ అని నా అభిప్రాయం.

ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కూడా కాదు. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మతం, కులం, సంస్కృతి, వర్గం వంటి భేదాలు లేకుండా చికిత్స పొందే హక్కును అందరికీ ఇచ్చింది. తన జబ్బు ఏమిటో, చేయబోయే చికిత్స ఏమిటో తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు కూడా అందులోనే ఉంది.

అయితే భాష కుదిరినంత మాత్రాన పని పూర్తి కాదు. అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన రోగ నిర్ధారణ గ్రంథంలో, రోగి నేపథ్యాన్ని తెలుసుకోవడానికి 16 ప్రశ్నలు చేర్చారు. మీ కష్టాన్ని మీ ఇంటివారికైతే ఎలా చెబుతారు, అది ఎందుకు వచ్చిందని మీరు అనుకుంటున్నారు, మీవాళ్ళు ఏమనుకుంటున్నారు, ఇంతకుముందు ఎవరిని ఆశ్రయించారు అని ఆ ప్రశ్నలు సాగుతాయి. వైద్యుడూ మీరూ వేర్వేరు నేపథ్యాల నుంచి వచ్చినందువల్ల అపార్థం కలుగుతుందన్న శంక ఉందా అన్నది చివరి ప్రశ్న. ఒడిశావాళ్ళంటే ఇలా ఉంటారు, ముస్లింలంటే ఇలా నమ్ముతారు అని ముందే నిర్ణయించుకోకుండా, ఎదుట కూర్చున్న మనిషినే అడగమనడం ఈ పద్ధతిలో నాకు నచ్చిన అంశం.

గాలి సోకిందని, ఎవరో చేయించారని జవాబు వస్తే వైద్యుడు నవ్వకూడదు, అలాగని తల ఊపి ఊరుకోనూ కూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, నయమవుతుందన్న నమ్మకంతో రోగులను తీసుకువచ్చే దర్గా పరిసరాల్లో నడుస్తున్న ఒక ఆశ్రయంలో మంటలు చెలరేగి, గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులు వేయడాన్ని నేటి చట్టం పూర్తిగా నిషేధించింది. గుజరాత్‌లోని మెహసాణా జిల్లా ఉనావాలో, మీరా దాతార్ దర్గా దగ్గర మరో దారి తొక్కారు: దువా చేసే ముజావర్లకు జబ్బు లక్షణాలు గుర్తించడం నేర్పి, మొక్కుకోవడానికి వచ్చినవారు అక్కడే వైద్యుణ్ణి కూడా కలిసే ఏర్పాటు చేశారు. ప్రార్థన మానమని ఎవరూ అనలేదు. మందు దానికి తోడైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కూలి డబ్బు అందక, ఊరికి వెళ్ళనివ్వక కుమిలిపోతున్న మనిషికి మాత్ర రాసిచ్చి, అది వారి సంస్కృతికి సంబంధించిన సమస్య అని సరిపెట్టుకుంటే, కార్మిక శాఖ చూడవలసిన పనిని ఆస్పత్రి కప్పిపుచ్చినట్టవుతుంది. గల్ఫ్ దేశాల లేబర్ క్యాంపుల్లో ఉన్న జగిత్యాల, నిజామాబాద్ యువకుల బాధ, కువైట్‌లో ఇంటిపని చేసే కడప, గోదావరి జిల్లాల ఆడపడుచుల బాధ తెలిసిన మనకు ఇది వేరే చెప్పనవసరం లేదు. ఏజెంటు అప్పు తీరకుండా తెప్పరిల్లడం కష్టం.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన, ఫోనులో మానసిక సలహా ఇచ్చే టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు, ఉచితంగా, తెలుగు, ఒడియా, హిందీ సహా 20 భాషల్లో పనిచేస్తోంది. గర్భిణులను, పిల్లలను చూడడానికి బట్టీలకు వెళ్ళే ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఆ నంబరును ఒడియా లిపిలో రాసి ఇవ్వవచ్చు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అని ఏకాంతంగా అడగవచ్చు. మరొక సంగతిని తరచుగా మరచిపోతాం. మార్చిలో ఇక్కడ మొదలుపెట్టిన మాత్రలను జూన్‌లో రైలెక్కినంత మాత్రాన ఒక్కసారిగా ఆపకూడదు. అందువల్ల బట్టీ మూసే తేదీని వైద్యుడు మొదటి రోజే అడిగి తెలుసుకుని, మందుల పేర్లు, మోతాదు స్పష్టంగా రాసిన కాగితాన్ని, కనీసం ఒక నెలకు సరిపడే మాత్రలను చేతికిచ్చి, బలాంగీర్‌లోనో కలహండిలోనో జిల్లా ఆస్పత్రికి చూపించమని చెప్పి పంపాలి.