మీరేం చదువుతున్నారో ఎవరికి తెలియాలి? | బరంపురం లైబ్రరీ వ్లాగ్

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? న్యూజెర్సీ నుంచి పుట్టింటికి వచ్చింది కాబట్టి గోపాల్‌పూర్ బీచో, బరంపురం పట్టుచీరల కొట్లో చూపిస్తుందనుకుని ఉంటారు. అవీ వస్తాయి, కంగారు పడకండి. ఈరోజు మాత్రం మా నాన్నతో కలిసి ఊళ్లో ఒక పబ్లిక్ లైబ్రరీకి వచ్చాను. దాని పేరు చెప్పను, బోర్డు కూడా చూపించను. లోపల కెమెరా ఆన్ చేయలేదు. అక్కడ కూర్చుని చదువుకుంటున్నవాళ్ల ముఖాలు, వాళ్ల చేతుల్లోని పుస్తకాలు నా ఛానల్లో పెట్టడం నాకు న్యాయం అనిపించలేదు. అందుకని ఈ వీడియోలో మీకు కనిపించేది బయటి వేపచెట్టు, వినిపించేది నా గొంతు. సర్దుకోండి.

మా ఊరి సంగతి కొత్తవాళ్ల కోసం కాస్త చెప్తాను. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వస్తే తగిలే పెద్ద ఊరు బరంపురమే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. రాష్ట్రపతి వి.వి. గిరి గారు పుట్టింది ఇక్కడే. ఇప్పటికీ మా వీధిలో ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా నడుస్తాయి. మా నాన్న తెలుగు మీడియంలో చదివారు. మా అన్నయ్య పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. దాంతో లైబ్రరీలో తెలుగు పుస్తకాలు మూలనున్న రెండు బీరువాల్లోకి చేరాయి. వాటి తలుపు తీసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

అసలు విషయం అక్కడే మొదలైంది. పుస్తకం వెనక అట్టకి అంటించిన చీటీ మీకు గుర్తుందా? తిరిగి ఇవ్వాల్సిన తేదీ, పక్కన సభ్యుడి నంబరు, కొన్ని చోట్ల పొడి అక్షరాల్లో పేరు. నాన్న ఒక్కో పుస్తకం తీసి ఆ చీటీ చదవడం మొదలుపెట్టారు. "ఇది మన పోస్టుమాస్టరుగారి నంబరమ్మా, రిటైరయ్యాక వేదాంతంలో పడ్డాడు." ఇంకోటి తీశారు, హోమియోపతి పుస్తకం. "ఈయన దీన్ని మళ్లీ మళ్లీ తీసుకున్నాడు చూడు, వాళ్లావిడకి కీళ్లనొప్పులు కదా." సంతానం లేనివాళ్ల కోసం రాసిన పుస్తకం ఒకటి ఉంది. దాని చీటీ చూసి నాన్న ఏమీ అనకుండా లోపల పెట్టేశారు. అంటే ఎవరో ఆయనకి తెలిసిపోయింది.

ఒక ఇంటి ఆరోగ్యం, భక్తి, దిగులు మొత్తం ఆ చీటీలమీద ఉన్నాయి. నంబర్లు రాశాం, పేర్లు రాయలేదు కదా అనుకుంటే కుదరదు. వేలమంది ఒడియా పాఠకుల్లో ఒక నంబరు ఎవరిదో పట్టుకోవడం కష్టం. తెలుగు బీరువా దగ్గర పేరు తీసేసినా, నంబరు కూడా తీసేసినా, "గంజాం జిల్లాలో హోమియోపతి తెలుగులో చదివే పెద్దాయన" అంటే చాలు, మనిషి దొరికిపోతాడు. చిన్న గుంపులో ఉన్నవాళ్లకి గోప్యత మామూలు జనానికన్నా తక్కువ దక్కుతుంది. సరిహద్దు జిల్లాల్లో, మన భాష మైనారిటీగా ఉన్న చోట, దీన్ని గట్టిగా పట్టించుకోవాలని నా ఉద్దేశం. ఏ భాష పుస్తకం తీసుకున్నారనే ఒక్క వివరం చాలు, మీరు ఎవరి మనిషో ఊహించేస్తారు.

నాన్న ఒప్పుకోలేదు. "ఎవరేం చదువుతున్నారో తెలిస్తేనే కదమ్మా నలుగురూ కూర్చుని మాట్లాడుకునేది" అన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఆయన స్నేహాలు సగం ఈ చీటీల వల్ల కుదిరినవే.

మరి అమెరికాలో ఎలా ఉంటుంది? మా న్యూజెర్సీలో లైబ్రరీ కార్డు తీసుకోవడానికి అడ్రసు ప్రూఫ్ చూపించాలి. కౌంటర్‌లో ఆవిడ చూసి వెనక్కి ఇచ్చేసింది, కాపీ తీసుకోలేదు. పాఠకుల వివరాలు గోప్యమని అక్కడ రాష్ట్ర చట్టం ఉంది. లైబ్రరీ పని నడవడానికి అవసరమైతే, పాఠకుడే అడిగితే, లేదంటే కోర్టు ఉత్తర్వు, సమన్లు వస్తే తప్ప బయటికి ఇవ్వకూడదు. పోలీసాయన వచ్చి ఊరికే అడిగితే ఇవ్వరు. ఒకసారి మా అమ్మాయి సైన్స్ ప్రాజెక్టు కోసం పోయినేడాది తెచ్చిన పుస్తకం పేరు గుర్తురాక ఫోన్ చేశాను. పుస్తకం తిరిగొచ్చి, ఫైన్ ఏమీ లేకపోతే ఎవరు తీసుకున్నారన్న వివరం తుడిచేస్తాం, మా దగ్గర లేదండీ అన్నారు. నాకు చిరాకేసింది. తీసుకున్న పుస్తకాల చరిత్ర దాచుకోవాలనుకుంటే మన అకౌంట్‌లో మనమే ఆన్ చేసుకోవాలట.

ఎందుకు అంత పట్టుదల అంటే దానికో కథ ఉంది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత వచ్చిన పేట్రియాట్ చట్టంతో అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చేతికి చాలా అధికారం వచ్చింది. 2005లో కనెక్టికట్ రాష్ట్రంలో ఒక రోజు ముప్పావు గంట పాటు లైబ్రరీ కంప్యూటర్లు ఎవరు వాడారో చెప్పమని లేఖ వచ్చింది. కోర్టు ఉత్తర్వు లేదు. పైగా లేఖ వచ్చిన సంగతి ఎవరికీ చెప్పకూడదని ఆంక్ష. నలుగురు లైబ్రేరియన్లు కోర్టుకెక్కారు. ఆ చట్టాన్ని పొడిగించాలా వద్దా అని దేశమంతా వాదించుకుంటుంటే, స్వయంగా అనుభవించిన ఈ నలుగురూ నోరు విప్పడానికి లేదు. 2006లో ఆంక్ష ఎత్తేశారు, ఎఫ్‌బీఐ ఆ వివరాలు అడగడం మానుకుంది. లైబ్రేరియన్లంటే మెత్తటి మనుషులనుకుంటాం గానీ, వీళ్లు ఘటికులు.

అలాగని అక్కడంతా స్వర్గం కాదు. లైబ్రరీ ఈబుక్స్ అరువిచ్చే లిబ్బీ యాప్‌లో ఈబుక్ తీసుకుని అమెజాన్ వాళ్ల కిండిల్‌కి పంపితే ఆ లావాదేవీ అమెజాన్ అకౌంట్ గుండా వెళ్తుంది. లైబ్రరీ తుడిచేసినా అక్కడ మిగులుతుంది. ఇక లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ మీద 2023 అక్టోబర్‌లో సైబర్ దాడి జరిగింది. దొంగలు 20 బిట్‌కాయిన్లు అడిగారు, లైబ్రరీ ఇవ్వలేదు, దాదాపు 600 జీబీ డేటా బయట పడేశారు. అందులో పాఠకుల వివరాలూ ఉన్నాయి. దాచకపోతే పోయేది కూడా ఉండేది కాదు, అంతే కదా.

మళ్లీ బరంపురం వద్దాం. రీడింగ్ రూమ్ గుమ్మం దగ్గర బల్లమీద ఒక రిజిస్టర్, దానికి దారంతో కట్టిన పెన్ను. పేరు, ఊరు, ఫోన్ నంబరు, వచ్చిన టైము, సంతకం. పోటీ పరీక్షలకు చదివే పిల్లలే ఎక్కువ వస్తారు. మా అన్నయ్య కొడుకు కూడా వాళ్లలో ఒకడు. ఇక్కడికి రావడం మొదలుపెట్టాక కోచింగ్ సెంటర్ల ఫోన్లు ఎక్కువయ్యాయంటాడు. రిజిస్టర్ నుంచే నంబరు పోయిందని నేను అనను, వాడి నంబరు ఇప్పటికే ఊరంతా ఉంది. కానీ తెరిచి పెట్టిన పేజీని ఫోన్‌తో ఫొటో తీయడానికి ఎంతసేపు? ఆడపిల్లలైతే వాళ్ల నాన్న నంబరో, ఒక అంకె మార్చో రాస్తారట. అంత తెలివి వాళ్లకి అవసరపడటమే నాకు నచ్చలేదు.

చట్టం సంగతి చూద్దాం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. తర్వాత 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, 2025 నవంబర్‌లో దాని నిబంధనలు వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. అవి అమల్లోకి వచ్చాక నా గురించి ఏం దాచారో చెప్పమని అడగొచ్చు, తప్పులు దిద్దించుకోవచ్చు, పని అయిపోయాక తీసేయమనొచ్చు. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ప్రభుత్వానికి కొన్ని మినహాయింపులున్నాయి, అది వేరే చర్చ. తమాషా ఏమిటంటే ఇది డిజిటల్ డేటాకే వర్తిస్తుంది. దారం కట్టిన ఆ రిజిస్టర్ చట్టానికి కనిపించదు. దాన్ని ఎప్పుడైతే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారో అప్పుడు కనిపిస్తుంది.

ఎక్కించే రోజు దగ్గరలోనే ఉందని లైబ్రేరియన్ గారు అన్నారు. ఆయన ఒడియా మనిషి, తెలుగు మనలాగే మాట్లాడతారు. ఏ సాఫ్ట్‌వేర్ అని ఇంకా తేలలేదట. మన దేశంలో చాలా లైబ్రరీలు కోహా వాడతాయి, న్యూజిలాండ్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో పాఠకుడు తన చదువు చరిత్రని ఎప్పటికీ ఉంచాలా, అసలు ఉంచొద్దా అని ఎంచుకునే సెట్టింగ్ ఉంది. లైబ్రరీ దాన్ని ఆన్ చేస్తేనే మనకి కనిపిస్తుంది. ఆ మాట చెప్తే ఆయన చిన్న కాగితం మీద రాసుకున్నారు. పాత చీటీలన్నీ ఎక్కించకండి, పుస్తకాల జాబితా ఎక్కిస్తే చాలు అని కూడా అన్నాను. "ఆడిట్‌వాళ్లు అడిగితే, మేడమ్?" అన్నారు. ఎన్ని పుస్తకాలు ఇచ్చారో లెక్క అడుగుతారు గానీ ఎవరికిచ్చారో ఎందుకండీ అంటే నవ్వేశారు.

మా మేనల్లుడికి సభ్యత్వం కోసం ఆధార్ జిరాక్సు అడిగారు. మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చాం. చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి, ఆధార్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. దానిమీద అడ్డంగా "లైబ్రరీ సభ్యత్వానికి మాత్రమే" అని తేదీ వేసి రాశాం. ఆయన అభ్యంతరం చెప్పలేదు. మీరూ ఎక్కడ ఇచ్చినా అలా రాసివ్వండి.

ఈ ఫారాలు ఎన్నాళ్లు దాస్తారని అడిగితే వెనక గదిలో ఇనప బీరువా చూపించారు. తాను రాకముందు నుంచీ ఉన్నవన్నీ అందులోనే అట, పారేయమని ఎవరూ చెప్పలేదట. నేను మొదలుపెట్టబోయాను. ఈలోగా నాన్న ముందుకొచ్చి, "ఏటమ్మా నీ గోల, ఆగు. బాబూ, అందులో నా ఫారం కూడా ఉండాలే, చూడు. అప్పట్లో డిపాజిట్ కట్టాను, తిరిగివ్వలేదు" అన్నారు.

"ఇస్తాం మాస్టారూ, దానికేముంది" అన్నారు లైబ్రేరియన్ గారు. "ఒక దరఖాస్తు రాసి, ఆధార్ జిరాక్సు పెట్టండి."

నాన్న అప్పటికే చొక్కా జేబులోంచి తీసేశారు. పన్నెండు అంకెలూ కనిపించేదే.